గట్టి మెటీరియల్ కావాలా, ముందు ఏ గట్టి కావాలో చెప్పండి

డిజైన్ లోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే, "అన్నా ఈ పార్ట్ కి ఏ మెటీరియల్ వెయ్యాలి, బాగా గట్టిది చెప్పు" అని. నేను తిరిగి "ఏ గట్టి?" అంటే మొహం చూస్తారు. తప్పు వాళ్ళది కాదు లెండి, మన తెలుగులో గట్టి అనే మాట ఒక్కటే, కానీ అందులో నాలుగు వేరు వేరు సంగతులు కూర్చున్నాయి. వంగకపోవడం గట్టి, తెగకపోవడం గట్టి, గీత పడకపోవడం గట్టి, కింద పడ్డా పగలకపోవడం కూడా గట్టే. ఒక దాంట్లో ఫస్ట్ వచ్చిన మెటీరియల్ ఇంకోదాంట్లో ఫెయిల్ అవ్వొచ్చు. మెటీరియల్ సెలెక్షన్ లో జరిగే తప్పుల్లో నేను చూసినవి సగం ఇక్కడే మొదలయ్యాయి, నావి కూడా కలిపి.

నా సంగతే ముందు చెప్తా. ఉద్యోగంలో చేరిన కొత్తలో, విజయవాడ ఆటోనగర్ లో ఒక చిన్న యూనిట్ కి మెషిన్ డ్రాయింగ్ లు వేస్తుండేవాడిని. ఒక మెషిన్ లో 25 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) షాఫ్ట్, రెండు బేరింగుల మధ్య దూరం 800 ఎంఎం, నడుమ దాదాపు 50 కేజీల సన్నపాటి డ్రమ్. డ్రమ్ ఎక్కించగానే షాఫ్ట్ కిందకి దిగుతోంది, కదలికని కొలిచే డయల్ గేజ్ పెట్టి చూస్తే ఎంఎం పైనే. కంటికి పెద్దగా తెలీదు గానీ పక్కనున్న గైడ్ కి డ్రమ్ రాసుకుంటోంది. నేనేం చేశానంటే ఎంఎస్ కదా మెత్తన కదా అనుకుని ఈఎన్ 24 అనే అలాయ్ స్టీల్ తెప్పించా, హార్డెనింగ్ టెంపరింగ్ చేసిన రాడ్డు, ఎంఎస్ కంటే బాగా ఖరీదు. లేత్ మీద దాన్ని తిప్పిన బాబాయ్ "బాబూ టూల్ తినేస్తోంది ఇది, ఎందుకింత గట్టిది" అని సణుగుతూనే చేసిచ్చాడు. ఫిట్ చేసి డ్రమ్ ఎక్కించి డయల్ చూశా. ముల్లు పాత చోటికే వచ్చి ఆగింది. గేజ్ పాడైందేమో అని ఇంకో గేజ్ తెచ్చి పెట్టా, అదీ అంతే. బాబాయ్ ఏమీ అనలేదు, బీడీ వెలిగించుకుని పక్కకి వెళ్ళాడు, అదే ఎక్కువ మండింది నాకు.

ఎందుకలా అయిందో చూద్దాం, ఎందుకంటే ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే. లోడ్ పెట్టినప్పుడు ఎంత వంగుతుంది అనేది మెటీరియల్ వైపు నుంచి ఒకే ఒక్క నంబర్ మీద ఆధారపడుతుంది, యంగ్స్ మాడ్యులస్, రాసేటప్పుడు E అని రాస్తాం. స్టీల్ కి అది సుమారు 200 నుంచి 210 గిగాపాస్కల్. ఎంఎస్ అయినా, ఈఎన్ 8 అయినా, ఈఎన్ 24 అయినా, ఇంటి కట్టడంలో వాడే టీఎంటీ కడ్డీ అయినా దాదాపు అంతే. హీట్ ట్రీట్మెంట్ చేస్తే బలం రెట్టింపు అవ్వొచ్చు, హార్డ్‌నెస్ పెరుగుతుంది, E మాత్రం కదలదు. నా షాఫ్ట్ లెక్క వేస్తే మధ్యలో వంపు 1.33 ఎంఎం వస్తుంది, అదే సమయంలో దాంట్లో స్ట్రెస్, అంటే లోపల పడే ఒత్తిడి, 64 మెగాపాస్కల్ మాత్రమే. మామూలు ఎంఎస్, అంటే ఐఎస్ 2062 అనే భారత ప్రమాణంలోని ఈ250 గ్రేడ్, 250 మెగాపాస్కల్ దాకా శాశ్వతంగా వంగదు. అంటే ఆ షాఫ్ట్ కి బలం సమస్య అసలు లేనే లేదు, నేను లేని రోగానికి ఖరీదైన మందు కొన్నా.

మరి ఏం చెయ్యాలి? లావు చెయ్యాలి. గుండ్రటి రాడ్డులో వంపు అనేది డయామీటర్ నాలుగో ఘాతం మీద తగ్గుతుంది, కాబట్టి 25 నుంచి 30 కి వెళ్తే అదే ఎంఎస్ తో వంపు 0.64 కి పడిపోతుంది, సగం కంటే తక్కువ. 35 వేస్తే 0.35. బరువెంత పెరిగింది అంటే సైట్ లో కడ్డీకి వేసే లెక్కే, డయామీటర్ స్క్వేర్ బై 162, మీటర్ కి 3.86 కేజీలు కాస్తా 5.56 అయింది. ఈఎన్ 24 ఖర్చుతో పోలిస్తే ఇదేం కాదు. ఇంకో తమాషా చెప్పనా, పీఎస్ఎల్వీ మొదటి దశ మోటార్ కేసింగ్ కి వాడే మారేజింగ్ స్టీల్ ఉంది కదా, హైదరాబాద్ మిధాని లో తయారయ్యేది, దాని యీల్డ్ బలం ఎంఎస్ కి ఆరు రెట్లకి పైనే, కానీ దాని E మాత్రం 190 కి అటూ ఇటూగా మామూలు స్టీల్ కంటే కొంచెం తక్కువే. ఆ రాకెట్ స్టీల్ తో చేయించినా నా షాఫ్ట్ ఇంకాస్త ఎక్కువే వంగేది.

ఇప్పుడు నాలుగు గట్టిలు విడదీద్దాం, ఇంట్లో వస్తువులతోనే.

వంగని గట్టి అంటే స్టిఫ్‌నెస్, ఇందాక చెప్పిన E, గిగాపాస్కల్ లెక్కలో. స్టీల్ 205, రాగి 120 చుట్టుపక్కల, ఇత్తడి 100 చుట్టుపక్కల, టైటానియం 110, అల్యూమినియం 70, గాజు కూడా 70. అవును, గాజు, అల్యూమినియం రెండూ ఒకేలా సాగుతాయి, గాజు సాగడం మనం చూడం ఎందుకంటే చూసేలోపే పగులుతుంది. నైలాన్ రెండు మూడు గిగాపాస్కల్ అంతే, స్టీల్ తో పోలిస్తే డెబ్భై ఎనభై రెట్లు మెత్తన. స్టీల్ బ్రాకెట్ డ్రాయింగ్ ని కొలతలు మార్చకుండా ప్లాస్టిక్ లో ప్రింట్ తీసి "వంగిపోతోందన్నా" అనేవాళ్ళు ఈ నంబర్ ఒక్కసారి చూస్తే చాలు.

తెగని గట్టి అంటే స్ట్రెంత్. ఇందులో రెండు నంబర్లు, యీల్డ్ అంటే లోడ్ తీసేసినా తిరిగి రాకుండా వంగిపోయే చోటు, టెన్సైల్ అంటే తెగే చోటు. డిజైన్ దాదాపు ఎప్పుడూ యీల్డ్ మీద చేస్తాం, ఎందుకంటే వంగిపోయిన పార్ట్ తెగకపోయినా మనకి పనికిరాదు.

గీత పడని గట్టి హార్డ్‌నెస్, అరుగుదలకి ఇదే దిక్కు. ఆకురాయి చూడండి, ఎంఎస్ ని కరకరా గీకేస్తుంది. కానీ అదే ఆకురాయిని పెట్టి దేన్నైనా ఎగదన్నండి, టప్పున రెండు ముక్కలు. అదే నాలుగో గట్టి లేకపోవడం అంటే, టఫ్‌నెస్, దెబ్బని మింగే గుణం. గాజు గ్లాసు, స్టీలు గ్లాసు రెండూ గట్టు మీద నుంచి పడితే ఒకటి ముక్కలు, ఇంకోటి సొట్ట. సొట్ట పడటం అంటే ఆ దెబ్బలోని శక్తి అంతా లోహం వంగడంలో ఖర్చయిందని అర్థం, ఇంజనీర్ కి సొట్ట శుభవార్త. సుత్తి, నాగలి కర్రు, క్రేన్ హుక్కు ఇలాంటి వాటికి హార్డ్‌నెస్ ఎంత ముఖ్యమో టఫ్‌నెస్ అంతకంటే ముఖ్యం, రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి, ఒకటి పెంచితే ఇంకోటి తగ్గుద్ది. అందుకే పైన మాత్రమే గట్టి చేసి లోపల మెత్తగా ఉంచే కేస్ హార్డెనింగ్ పుట్టింది, చాలా గేర్ పళ్ళు ఇలాంటివే.

చలికి మామూలు స్టీల్ టఫ్‌నెస్ పడిపోతుందని కూడా గుర్తుంచుకోండి. 1943 జనవరిలో అమెరికాలో స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ ఓడ తుఫానూ లేదు ఏమీ లేదు, రేవులో కట్టేసి ఉండగానే దాదాపు రెండుగా చీలింది, చల్లటి వాతావరణం, ఆ స్టీల్ గుణం, వెల్డింగ్ లోపాలు అన్నీ కలిసి. మన దగ్గర బయట అంత చలి ఉండదు గానీ కోల్డ్ స్టోరేజ్ లోపల పెట్టే ఫ్రేమ్ చేస్తుంటే అడిగే పద్ధతి ఉంది, ఐఎస్ 2062 లోనే ఏ, బీఆర్, బీ0, సీ అని సబ్ గ్రేడ్లు ఉంటాయి, సీ అయితే మైనస్ 20 డిగ్రీల్లో ఇంపాక్ట్ టెస్ట్ చేసింది అన్నమాట.

సరే, ఇక ఎలా ఎంచుకోవాలి. నేను చేసేది చెప్తా. తెల్ల కాగితం మీద మెటీరియల్ పేరు రాయకుండా ముందు "ఇది ఎలా పాడవుతుంది" అని రాస్తా. ఎక్కువ వంగి పాడవుద్దా, ఒకే దెబ్బకి విరుగుద్దా, లక్షసార్లు ఊగి ఊగి విరుగుద్దా, అరుగుద్దా, తుప్పు పడుద్దా, వేడికి మెత్తబడుద్దా. మామూలుగా ఒకటో రెండో మాత్రమే అసలు శత్రువులు, మిగతావి పక్కవాద్యం. ఆ ఒకటి దొరికితే ఏ నంబర్ చూడాలో తెలిసిపోద్ది. ఆ తర్వాత తప్పనిసరి షరతులు, అంటే నీళ్ళలో ఉంటుందా, ఫుడ్ తగులుతుందా, కరెంట్ పారకూడదా, వీటితో కుదరనివి కొట్టేస్తా. మిగిలిన మూడు నాలుగు మెటీరియల్స్ మధ్యే బరువూ ధరా పోలుస్తా. పెద్ద స్థాయిలో చెయ్యాలంటే కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ ఆష్బీ పేరు మీద చార్టులున్నాయి, ఒక వైపు సాంద్రత ఇంకో వైపు E పెట్టి మెటీరియల్స్ అన్నీ బుడగల్లా గీసి ఉంటాయి, చూస్తే ఐదు నిమిషాల్లో బుర్రకి ఎక్కుతాయి, వెతుక్కుని చూడండి.

బరువు దగ్గర ఒక మెలిక ఉంది, కాస్త నిదానంగా చదవండి. E ని సాంద్రతతో భాగిస్తే స్టీల్ కి 205 బై 7.85 అంటే 26, అల్యూమినియం కి 70 బై 2.7 అంటే 26, టైటానియం కి 24. ముగ్గురూ ఒకటే! అంటే నిలువుగా లాగే టై రాడ్డు లాంటి దాంట్లో సాగుదల ఒక్కటే లెక్క అయితే అల్యూమినియం వేసి బరువు తగ్గించడం కల. కానీ పలక వంగడం వేరే కథ, అక్కడ మందం మూడో ఘాతం పని చేస్తుంది. 5 ఎంఎం స్టీల్ పలక ఎంత బిగువుగా ఉంటుందో అంతే రావాలంటే అల్యూమినియం 7.2 ఎంఎం చాలు, బరువు చూస్తే సగం. తేలిక మెటీరియల్ గెలిచేది దాని లోపల ఏదో మహత్తు ఉండి కాదు, అదే బరువుకి లావుగా వెయ్యనిస్తుంది కాబట్టి. లావు పెంచడానికి చోటు లేకపోతే, మెషిన్ లో ఇరుకు సందు అయితే, మళ్ళీ స్టీల్ దగ్గరికే రావాలి. ఇదే లాజిక్ తో సాలిడ్ రాడ్డు కంటే పైపు, పట్టీ కంటే ఛానల్ ఎప్పుడూ ముందు ఆలోచించండి, మెటీరియల్ మార్చడం కంటే ఆకారం మార్చడం చవక.

బలం విషయంలో జనాల్లో పెద్ద అపోహ స్టెయిన్‌లెస్. "ఎస్ఎస్ వేస్తే స్ట్రాంగ్" అంటారు. మామూలు ఎస్ఎస్ 304 కనీస యీల్డ్ 205 మెగాపాస్కల్, ఈ250 కంటే తక్కువ, కేజీ ధర మాత్రం మూడు నాలుగు రెట్లు. ఎస్ఎస్ కొనేది తుప్పు పట్టదని, శుభ్రంగా ఉంటుందని, అంతే. బోల్టుల్లో ఈ పొరపాటు ప్రమాదం కూడా. బోల్ట్ తల మీద 8.8 అని ఉంటే మొదటి అంకె వందతో గుణిస్తే 800 టెన్సైల్, దాంట్లో 0.8 వంతు అంటే 640 యీల్డ్. ఎస్ఎస్ బోల్ట్ మీద ఏ2-70 అని ఉంటే టెన్సైల్ 700, యీల్డ్ 450. మెరుస్తోంది కదా అని 8.8 తీసి ఎస్ఎస్ వేశారంటే బలం తగ్గించినట్టే. పైగా ఎస్ఎస్ నట్టు ఎస్ఎస్ బోల్టు గ్రీజు లేకుండా బిగిస్తే మధ్యలో జామ్ అయి కూర్చుంటాయి, ఇక కోయడమే, జామ్ కాకుండా ఆపే యాంటీ సీజ్ పేస్ట్ పూసి బిగించండి.

ఊగి ఊగి విరగడం, అదే ఫెటీగ్, ఇది వేరే జంతువు. కట్టు తీగని కటింగ్ ప్లేయర్ లేకపోతే ఏం చేస్తాం, అటూ ఇటూ నాలుగుసార్లు వంచి తెంపుతాం కదా, అదే పని మెషిన్ లో చిన్న లోడ్ తో లక్షల సార్లు జరుగుద్ది. స్టీల్ కి ఒక మేలు, టెన్సైల్ లో సుమారు సగం కంటే కింద ఉన్న ఊగుడుని, నున్నటి ముక్క అయితే, ఎంతకాలమైనా తట్టుకుంటుంది. అల్యూమినియం కి అలాంటి కచ్చితమైన హద్దు లేదు, చిన్న లోడ్ అయినా ఎప్పుడో ఒకప్పుడు విరుగుద్ది, కాబట్టి ఎన్ని సైకిల్స్ అని లెక్కపెట్టి మార్చాలి. 1954 లో కామెట్ అనే బ్రిటిష్ ప్రయాణికుల విమానాలు గాల్లో విడిపోయింది ఇందుకే, లోపల గాలి ప్రెషర్ ఎక్కడం దిగడం, కిటికీల్లాంటి రంధ్రాల మూలల దగ్గర స్ట్రెస్ పోగవ్వడం. విరిగిన షాఫ్ట్ తెచ్చి "ఇంకా మంచి గ్రేడ్ చెప్పండి" అని అడిగితే నేను ముందు స్టెప్ దగ్గర, అంటే షాఫ్ట్ లావు మారే చోట, వేలు పెట్టి చూస్తా. మూల బ్లేడులా తెగుతుంటే గ్రేడ్ కాదు మార్చాల్సింది, అక్కడ 2 ఎంఎం రేడియస్ ఇచ్చి పాలిష్ కొట్టిస్తే మామూలు ఈఎన్ 8 కూడా చాలా కాలం నిలబడుద్ది.

ఇక చుట్టూ ఉండే వాతావరణం. విశాఖ, కాకినాడ సముద్రం దగ్గర ఎస్ఎస్ 304 కి కూడా టీ మరకల్లాంటి గోధుమ రంగు మచ్చలు వస్తాయి, అక్కడ 316 వెయ్యాలి, అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుని తట్టుకునేది అదే. రెయిలింగ్ వాళ్ళు చవకగా ఇచ్చేది చాలాసార్లు 202, నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచింది, ఇంటి లోపల పర్లేదు, బాల్కనీలో వానకి ఏడుస్తుంది. అయస్కాంతం పెట్టి చూస్తే చాలు అంటారు గానీ 202 కి కూడా అంటుకోదు కాబట్టి దాంతో 304 అని తేలదు, అలాగే అసలైన 304 ని వంచిన చోట కొంచెం అంటుకోవచ్చు. రెండు వేరు లోహాలు తాకుతూ తడిలో ఉంటే ఒకటి రెండో దాన్ని తినేస్తుంది, అల్యూమినియం పలకకి ఎస్ఎస్ బోల్ట్ వేస్తే మధ్యలో నైలాన్ వాషర్ పెట్టండి. ఎండ కూడా వాతావరణమే, మన ఎండకి రేకు పొద్దున్నకీ మధ్యాహ్నానికీ 40 డిగ్రీలు తేలిగ్గా పెరుగుద్ది, మూడు మీటర్ల అల్యూమినియం పలక అప్పుడు 2.8 ఎంఎం సాగుతుంది, కింద ఉన్న స్టీల్ ఫ్రేమ్ అంతే వేడెక్కినా 1.4 మాత్రమే సాగుతుంది. గుండ్రటి హోల్స్ వేసి బిగించేస్తే రేకు ఉబ్బుతుంది, ఒక వైపు స్లాట్ ఇవ్వండి.

ప్లాస్టిక్ లో నేను తిన్న దెబ్బ ఇంకోటి. ఏప్రిల్ లో ఒక వాషింగ్ లైన్ కి నైలాన్ బుష్ లు వేశాం, షాఫ్ట్ మీద చేత్తో తిప్పితే వెన్నలా తిరిగాయి. జూలై వచ్చింది, ఫోన్ వచ్చింది, మోటార్ ట్రిప్ అవుతోందని. వెళ్ళి చూస్తే బుష్ లు షాఫ్ట్ ని పట్టేసుకున్నాయి, సుత్తితో కొట్టి తీయాల్సి వచ్చింది. నైలాన్ 6 నీళ్ళు తాగుద్ది, మామూలు గాలి తేమకే రెండు మూడు శాతం, నీళ్ళలో నానితే తొమ్మిది దాకా, తాగి ఉబ్బుతుంది. డ్రాయింగ్ లో నేనిచ్చిన క్లియరెన్స్, అంటే మధ్యలో వదిలిన సందు, అంతా ఆ ఉబ్బులోకి పోయింది. డెల్రిన్ అనే ఇంకో ప్లాస్టిక్ కి మార్చాం, అది నీళ్ళు చాలా తక్కువ తాగుద్ది, ఆ లైన్ నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు.

తయారీ గురించి ముందే ఆలోచించండి, కాగితం మీద బ్రహ్మాండంగా ఉన్న గ్రేడ్ షాప్ ఫ్లోర్ లో ఏడిపిస్తుంది. ఎంఎస్ ని ఎవరైనా వెల్డ్ చేస్తారు. ఈఎన్ 8 లో కార్బన్ 0.4 శాతం, వేడి చెయ్యకుండా వెల్డ్ చేస్తే పక్కన సన్నగా పగులు వస్తుంది, ఈఎన్ 24 అయితే ఇంకా పెంకి. 6061 టీ6 అల్యూమినియం యీల్డ్ 275 అని చూసి మురిసిపోయి వెల్డ్ చేశారంటే ఆ అతుకు పక్కన బలం సగం దాకా పోతుంది, ఆ లెక్క డిజైన్ లో ఉండాలి, లేదా బోల్ట్ చెయ్యాలి. డ్రాయింగ్ లో 27 ఎంఎం రాడ్డు అని రాసేముందు డీలర్ కి ఫోన్ చేసి స్టాక్ లో ఏ సైజులున్నాయో అడగండి, ఊరికే 32 తెచ్చి తురిమి పొయ్యడం ఎందుకు. మా దగ్గర కొందరు మేస్త్రీలు ఇప్పటికీ సూతుల్లోనే మాట్లాడతారు, నాలుగు సూతులంటే అరంగుళం, మీరు 12 అని రాస్తే వాళ్ళు 12.7 పెట్టేస్తారు, కనుక్కోండి.

ధర కేజీకి చూడకండి, తయారైన పార్ట్ కి చూడండి. ఇత్తడి కేజీ ఖరీదు, కానీ లేత్ మీద పొడిలా రాలిపోద్ది, చిన్న ఫిట్టింగ్ లు వేలల్లో చేస్తే టైమూ టూలూ మిగిలి చాలాసార్లు ఎస్ఎస్ కంటే చవకే పడుతుంది, స్క్రాప్ కూడా మంచి రేటుకి అమ్ముడుపోద్ది.

చివరి పని, కొన్నది అడిగిందేనా అని చూసుకోవడం. టెస్ట్ సర్టిఫికెట్ అడగండి, అందులో హీట్ నంబర్, అంటే ఆ స్టీల్ కరిగించిన బ్యాచ్ నంబర్, రాడ్డు మీద పంచ్ తో కలవాలి. సర్టిఫికెట్ లేని చిన్న కొనుగోలైతే కళ్ళద్దాలు పెట్టుకుని ముక్కని గ్రైండింగ్ వీల్ కి ఆనించండి, ఎంఎస్ కి పొడవాటి నిప్పు గీతలు, పువ్వులు తక్కువ, కార్బన్ పెరిగేకొద్దీ చివర్లో చిచ్చుబుడ్డిలా పువ్వులు ఎక్కువవుతాయి, 304 కి పొట్టిగా నారింజ రంగు రవ్వలు. తెలిసిన ముక్క ఒకటి పక్కన పెట్టుకుని పోల్చండి, ఉత్త జ్ఞాపకంతో చెప్పొద్దు. హార్డెన్ చేశామని ఇచ్చిన వాటి మీద ఆకురాయి ఒక్కసారి తోయండి, జారితే అయింది, కొరికితే తిప్పి పంపండి. ఇంకా ముఖ్యంగా రాడ్డు కోసేటప్పుడు గ్రేడ్ గుర్తుగా రంగు పూసిన కొస కాకుండా రెండో కొస నుంచి కోయించండి, మిగిలిన ముక్క మీద మార్కర్ తో గ్రేడ్ రాయించండి, మా షెల్ఫ్ లో పేరు లేని ముక్కలు ఇప్పటికీ పదకొండున్నాయి, అందులో ఒకటి నేను కొన్న ఈఎన్ 24, ఏదో తెలీదు.